పదవీ విరమణ తర్వాత పాత ట్రాక్టరు: రొక్కమా, అప్పా?

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగి 62 ఏళ్లకు పదవీ విరమణ చేస్తాడు. ఆ కొద్ది నెలల్లోనే గ్రాట్యుటీ, కమ్యుటేషన్, వాడుకోని సెలవుల జీతం, జీపీఎఫ్ సొమ్ము ఖాతాలో పడతాయి. అంత డబ్బు ఒకేసారి అంతకు ముందెప్పుడూ చూసి ఉండడు, ఇక మీదట చూడబోడు కూడా. సరిగ్గా అప్పుడే ఊళ్లో కౌలుకిచ్చిన పొలం గుర్తొస్తుంది. ముప్పై ఐదేళ్లు బడిలోనో ఆఫీసులోనో గడిపినవాడికి సొంత చేలో మిరప నాటించాలని, పత్తి తీయించాలని కోరిక పుడుతుంది. ఆ కోరిక మంచిదే. ఒంటికి పని, మనసుకు ఊపిరి రెండూ దొరుకుతాయి. దాని వెంటే ఇంకో ఆలోచన వస్తుంది: "కొత్త ట్రాక్టరు ఎందుకు? పాతది ఒకటి మంచి బేరానికి దొరుకుతోందట."

ఆ మాట ఇంట్లో పడగానే సలహాలు రెండు రకాలుగా వస్తాయి. "చేతిలో డబ్బుండగా అప్పెందుకు, రొక్కం పారేయండి" అంటాడు బావమరిది. "ఉన్న డబ్బు కదిలించకండి మావయ్యా, ఫైనాన్సులో తీసుకుంటే నెలకింత కట్టుకుంటూ పోవచ్చు" అంటాడు అల్లుడు. ఇద్దరూ మీ మేలు కోరేవారే, ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే వాళ్లిద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది: మీకేదైనా అయితే ఆ వాయిదా ఎవరు కడతారు? ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న చుట్టూనే నడుస్తుంది.

సొంతమా, కిరాయా?

రొక్కమా అప్పా అన్నది రెండో ప్రశ్న. అసలు ట్రాక్టరు అవసరమా అన్నది మొదటిది. నోటుపుస్తకంలో ఒక పేజీ తీసి, నిరుడు మీ పొలానికి ట్రాక్టరు కిరాయి ఎంతయిందో రాయండి. కౌలు రైతును అడిగితే చెబుతాడు. వేసవి దుక్కి, గొర్రు, రోటావేటరు, మిరపకు బోదెలు తోలడం, కలుపుకు గుంటక, ఎరువుల తోలకం, చివరికి యార్డుకు టిక్కీలు చేరవేయడం, ఏదీ వదలకండి.

ఐదెకరాలకు అదంతా కలిపి ఏడాదికి 50 వేలయిందని అనుకుందాం. ఇప్పుడు నాలుగు లక్షలు పెట్టి పాత ట్రాక్టరు కొంటే ఏమవుతుందో చూడండి. ఆ నాలుగు లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఉంటే 8.2 శాతం లెక్కన ఏడాదికి 32,800 రూపాయలు వచ్చేవి. అవి పోతాయి. దాని మీద బీమా, డీజిలు, డ్రైవరు కూలి, మరమ్మతు, ఏటా తగ్గిపోయే బండి విలువ ఉంటాయి. ఐదెకరాల రైతుకు కిరాయే చౌక అని ఈ లెక్క తడుముకోకుండా చెబుతుంది. పక్క పొలాలు కౌలుకు తీసుకుని పదిహేను, ఇరవై ఎకరాలు చేసేవారికి, నమ్మకమైన డ్రైవరు ఇంట్లోనే ఉన్నవారికి సొంత బండి మాట ఆలోచించదగింది. సమయానికి బండి దొరక్క అదను తప్పిపోయే ఊళ్లలోనూ అంతే. నల్లరేగడిలో వాన పడ్డాక దుక్కికి అనువైన రోజులు కొన్నే ఉంటాయని మన రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఇతరులకు కిరాయికి తోలి సంపాదిద్దాం" అన్న ఆశను మాత్రం లెక్కలోంచి తీసేయండి. కిరాయి ట్రాక్టరు నడపడం ఒక పూర్తి వ్యాపారం. డ్రైవరు వెంట తిరగాలి, బాకీలు వసూలు చేసుకోవాలి, అర్ధరాత్రి చెడిపోతే మెకానిక్‌ను లేపాలి. అరవై రెండేళ్ల వయసులో మొదటిసారి ఆ వ్యాపారంలోకి దిగడం వేరే నిర్ణయం. దాన్ని సొంత పొలం కోరికలో కలిపేయకండి.

పది శాతం అంటే ఎంత?

అవసరమని తేలిందనే అనుకుందాం. బండి ధర నాలుగు లక్షలు. ఫైనాన్సు సంస్థ మూడు లక్షలు ఇస్తానంటుంది, లక్ష మీరు పెట్టుకోవాలి. వడ్డీ 10 శాతం, మూడేళ్లు. వినడానికి బాగానే ఉంటుంది. అది ఫ్లాట్ రేటా, తగ్గే బాకీ మీద రేటా అని అడగడం చాలామంది మర్చిపోతారు.

ఫ్లాట్ అంటే మీరు ప్రతి నెలా అసలు కొంత తీరుస్తున్నా, వడ్డీని మాత్రం మూడేళ్లూ మొత్తం మూడు లక్షల మీదే కట్టడం. అంటే వడ్డీ 90 వేలు. అసలుతో కలిపి 3,90,000 రూపాయలను 36 నెలలకు పంచితే నెలకు 10,833 రూపాయలు. తగ్గే బాకీ మీద లెక్క వేస్తే ఇది సుమారు 18 శాతం వడ్డీకి సమానం. మన పల్లెల లెక్కలో చెప్పాలంటే నూటికి రూపాయిన్నర వడ్డీ. ఊళ్లో ప్రామిసరీ నోటు మీద రూపాయిన్నరకు అప్పు తెచ్చి బండి కొంటారా అని అడిగితే ఏ పెన్షనరూ ఒప్పుకోడు. అదే వడ్డీ అందమైన కాగితం మీద 10 శాతంగా కనిపిస్తే సంతకం చేసేస్తాడు. ప్రాసెసింగ్ చార్జీ, బీమా, ముందుగా తీర్చేస్తే పడే రుసుము ఈ లెక్కలో ఇంకా చేరనే లేదు.

అల్లుడి వాదన ఇక్కడ మళ్లీ వస్తుంది: "మన మూడు లక్షలు స్కీములో ఉంటే మూడేళ్లకు 73,800 వడ్డీ వస్తుంది. కట్టేది 90 వేలు. తేడా పదహారు వేలే కదా!" లెక్క సరిగ్గానే ఉన్నట్టుంది కానీ ఒక అంశం జారిపోయింది. అప్పు చేస్తే మీ పింఛనులోంచి నెలనెలా 10,833 బయటికి పోతుంది. రొక్కం ఇచ్చేస్తే ఆ 10,833 మీ దగ్గరే ఉంటుంది. దాన్ని ప్రతి నెలా 6.5 శాతం రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే మూడేళ్లకు దాదాపు 4.3 లక్షలవుతుంది. అప్పు దారిలో మీ దగ్గర మిగిలేది స్కీములోని మూడు లక్షలు, దాని వడ్డీ, అంటే 3.8 లక్షల లోపే. మూడేళ్లలో రొక్కం ఇచ్చినవాడు సుమారు 50 వేలు ముందుంటాడు.

ఈ లాభం ఊరికే రాదు. రొక్కం ఇచ్చాక, వాయిదా కడుతున్నంత క్రమశిక్షణతో ఆ డబ్బు దాచాలి. లేకపోతే నాలుగు లక్షలు బండిగా మారిపోతాయి, బండి ఏటేటా కరిగిపోతుంది. అందువల్ల రొక్కం ఇచ్చిన నెలలోనే రికరింగ్ డిపాజిట్ తెరవండి. ఖాతా నుంచి దానంతటదే కట్ అయ్యేలా బ్యాంకులో రాసివ్వండి.

పంట మీద వాయిదా పెట్టుకోకండి

ట్రాక్టరు అప్పుల్లో ఆరు నెలల వాయిదాలు మామూలు. పంట చేతికొచ్చాక కట్టవచ్చని చెబుతారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒకటో తారీఖు జీతం చూసినవారికి పంట రాబడి ఎంత ఎగుడుదిగుడుగా ఉంటుందో అనుభవంలో ఉండదు. 2021–22లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఎలా తినేసిందో గుంటూరు, ప్రకాశం రైతులందరికీ తెలుసు. 2023లో గుంటూరు యార్డులో తేజ మిర్చి క్వింటా 20 వేలు దాటి పలికింది. 2025 ఫిబ్రవరికి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. రెండేళ్ల తేడాలో ఇంత పతనం వస్తే, మూడేళ్ల అప్పులో కనీసం ఒక్క చెడ్డ ఏడాది తప్పదని అనుకుని లెక్క వేయడమే వివేకం.

తీరంలోనూ పరిస్థితి ఇదే. నిజాంపట్నంలోనో వాడరేవులోనో పాత మరబోటు అప్పు మీద కొన్నవారికి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. బోటు ఒడ్డునే ఉంటుంది, వడ్డీ మాత్రం ఆగదు. పాత యంత్రం మీద అప్పులో ఉన్న ప్రమాదం ఇదే. అది పని చేయని రోజుల్లోనూ, మరమ్మతుకు షెడ్డులో ఉన్న రోజుల్లోనూ వాయిదా నడుస్తూనే ఉంటుంది. కొత్త బండికైతే వారంటీ ఉంటుంది. పాత బండికి మరమ్మతు బిల్లూ, వాయిదా రెండూ ఒకే నెలలో రావచ్చు.

కాబట్టి మొదటి పరీక్ష ఇది: ట్రాక్టరు ఏడాదిపాటు ఒక్క గంట కూడా నడవకపోయినా, పంట ఒక్క రూపాయి ఇవ్వకపోయినా, పింఛనులో ఇంటి ఖర్చు, మందుల ఖర్చు పోను మిగిలినదాంతో వాయిదా కట్టగలరా? కమ్యుటేషన్ తీసుకున్నవారు గుర్తుంచుకోండి: పింఛనులో 40 శాతం అమ్ముకుంటే 15 ఏళ్లపాటు చేతికొచ్చేది ఆ మేరకు తగ్గే వస్తుంది. కాగితం మీది పింఛను కాక, చేతికొచ్చే పింఛను మీదే లెక్క వేయండి.

రెండో పరీక్ష: ఆమె కట్టగలదా?

ఇది చాలామంది మాట్లాడడానికి ఇష్టపడని విషయం. మాట్లాడకపోవడం వల్లే ఎందరో ఆడవాళ్లు భర్త పోయిన దుఃఖంలో వసూలు ఏజెంట్ల ఫోన్లకు జవాబు చెప్పుకోవాల్సి వస్తోంది.

పూర్తి సర్వీసు చేసిన ఉద్యోగి పింఛను చివరి జీతంలో 50 శాతం. ఆయన తర్వాత భార్యకు వచ్చే మామూలు కుటుంబ పింఛను 30 శాతం. కొంతకాలం హెచ్చు రేటు ఉన్నా అది శాశ్వతం కాదు. అంటే పింఛను ఐదింట మూడు వంతులకు పడిపోతుంది, ఇంటి ఖర్చు మాత్రం అంతగా తగ్గదు. 10,833 వాయిదాలో ఒక్క రూపాయి కూడా తగ్గదు. 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరి సీపీఎస్‌లో ఉన్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాళ్ల నెలసరి రాబడి పోగయిన నిధి మీద, కొన్న యాన్యుటీ మీద ఆధారపడి ఉంటుంది.

అందుకే ఈ నిర్ణయం ఇద్దరూ కూర్చుని తీసుకోవాలి. ప్రత్తిపాడు మండలంలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు ఇంటిని ఊహించుకోండి. ఆయన బండి గురించి ఉత్సాహంగా చెబుతుంటే ఆమె అడుగుతుంది: "అన్నీ బాగానే ఉన్నాయండీ. రేపు మీకు ఒంట్లో బాగాలేకపోతే ఆ బండిని ఎవరు నడుపుతారు? ఎవరు అమ్మిపెడతారు? కాగితాలు ఎక్కడున్నాయో నాకు తెలుసా?" ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికేదాకా అడ్వాన్సు ఇవ్వకూడదు. భార్య అడ్డు చెబుతోందని కొందరు విసుక్కుంటారు. ఆ బండి మీది ఆఖరి బాధ్యత ఎవరి మీద పడుతుందో ఆమెకు తెలుసు కాబట్టే అడుగుతోంది. ఆ ప్రశ్నలను గౌరవించండి.

మూడో దారి: మీ డిపాజిట్ మీదే అప్పు

రొక్కం, ఫైనాన్సు అన్న రెండింటి మధ్య ఒక మంచి దారి ఉంది. మీ పేరిట బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే, దాన్ని విరగ్గొట్టకుండా దాని మీదే అప్పు తీసుకోవచ్చు. సాధారణంగా డిపాజిట్ వడ్డీ కన్నా ఒకటి, రెండు శాతం ఎక్కువ వేస్తారు. డిపాజిట్‌కు 7 శాతం వస్తూ, అప్పుకు 8 శాతం పడితే, మూడు లక్షలకు మూడేళ్ల వాయిదా నెలకు సుమారు 9,400. కట్టే వడ్డీ మొత్తం సుమారు 38 వేలు. మరోపక్క డిపాజిట్ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క శాతం తేడా వల్ల పడే అసలు భారం మూడేళ్లకు ఐదు వేల లోపే.

దీంట్లో ఇంకో మేలు ఉంది. బండి మీద హైపోథికేషన్ ఉండదు. ఎవరూ వచ్చి బండి లాక్కుపోరు. మీకేదైనా అయితే డిపాజిట్‌లో బాకీ మినహాయించి మిగతాది నామినీకి ఇస్తారు, భార్య తలమీద విడి అప్పు మిగలదు. మంచి పంట వచ్చిన ఏడాది ఒకేసారి తీర్చేయవచ్చు.

ఒక్క జాగ్రత్త: సీనియర్ సిటిజన్స్ స్కీములో వేసిన డబ్బు తాకట్టు పెట్టడానికి వీల్లేదు. ఏడాది నిండకుండా ఖాతా మూసేస్తే ఇచ్చిన వడ్డీ కూడా వెనక్కి తీసుకుంటారు. ఏడాది దాటి రెండేళ్లలోపు అయితే అసలులో 1.5 శాతం, ఆ తర్వాత అయిదేళ్లలోపు 1 శాతం కోస్తారు. చాలామంది విరమణ సొమ్ము అందిన వారంలోనే 30 లక్షల గరిష్ఠ పరిమితి దాకా ఒకే ఖాతాలో వేసేసి, తర్వాత బండి మాట ఎత్తుతారు. మూడు నెలలకు 61,500 వడ్డీ బాగానే ఉంటుంది కానీ చేతులు కట్టేసినట్టవుతుంది. అందుకని బండి ఆలోచన ఉంటే దానికి సరిపడా డబ్బు ముందే మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచండి. స్కీములో వేసేది కూడా రెండు మూడు ఖాతాలుగా విడగొట్టండి. మొత్తం పరిమితి దాటనంత వరకు అది అనుమతి ఉన్నదే.

ఇంటి బంగారం, పొలం కాగితాలు మాత్రం పాత బండి కోసం బయటికి తీయకండి. పంట పెట్టుబడికి కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. దాన్ని సకాలంలో తీరిస్తే 3 లక్షల వరకు 4 శాతం వడ్డీకే పడుతుంది. ఆ సౌకర్యాన్ని పంటకే వాడండి. దాంట్లోంచి తీసి బండికి పెడితే, ఎరువుల రోజుకు మళ్లీ రెండు రూపాయల వడ్డీకి వెళ్లాల్సి వస్తుంది.

డబ్బు ఇచ్చే ముందు బండినీ, కాగితాన్నీ చూడండి

బేరానికి కూర్చునే ముందు కొత్త బండి ధర తెలుసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాక ఎనిమిది లక్షల బండి మీద ఇది 56 వేల తగ్గుదల. కొత్త బండి ధర తగ్గినప్పుడు పాతదాని ధర కూడా తగ్గాలి. పాత రేట్లు చెప్పేవారికి ఈ మాట గుర్తు చేయండి.

మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి, అమ్మేవాడి మెకానిక్ పనికిరాడు. చల్లగా ఉన్న ఇంజనును మీ కళ్లముందే స్టార్ట్ చేయించండి. వేడెక్కాక బ్రీదర్ గొట్టం నుంచి పొగ తన్నుతోందా, నీలం పొగ వస్తోందా చూడండి. వస్తే ఇంజను బోరుకు దగ్గరపడినట్టే. బరువు కట్టి హైడ్రాలిక్ లిఫ్ట్ ఎత్తించి కాసేపు నిలబడుతుందో లేదో చూడండి. క్లచ్, పీటీవో, స్టీరింగ్ ఆట, నాలుగు టైర్లు పరీక్షించండి. వరి పొలాల్లో దమ్ము చేసిన బండయితే వెనక యాక్సిల్ సీళ్ల దగ్గర నూనె కారుతోందేమో వంగి చూడండి. ఇంత చూసినా కొన్ని లోపాలు కనపడవు. కాబట్టి ధరలో మూడో వంతు మరమ్మతు నిధిగా విడిగా పక్కన పెట్టండి. ఆ నిధి లేకపోతే బండి కొనే డబ్బు ఇంకా పోగవలేదనే అర్థం.

కాగితాల్లో ఆర్‌సీ మీద హైపోథికేషన్ గడి చూడండి. అమ్మేవాడి అప్పు ఉంటే, ఫైనాన్సు సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35తో అది రద్దయ్యాకే డబ్బివ్వండి. పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి. బీమా కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు దగ్గరపడితే, మళ్లీ ఫిట్‌నెస్ చేయించి పొడిగించుకోవాల్సిన ఖర్చు బేరంలో తగ్గించమనండి. రొక్కం అంటే నోట్ల కట్టలు కావు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఒక లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నోట్ల రూపంలో తీసుకోకూడదు. బ్యాంకు ద్వారానే చెల్లించండి, అదే మీకు రుజువు.

ఇంకొక్క మాట, ఇది డబ్బు కన్నా పెద్దది. కాయ కోతల రోజుల్లో కూలీలను ట్రాక్టరు ట్రక్కులో ఎక్కించుకుని తీసుకెళ్లడం మన జిల్లాల్లో అలవాటు. వ్యవసాయ పనికి తీసిన బీమా ట్రక్కులో కూర్చున్న మనుషుల్ని కాపాడదు. ప్రమాదం జరిగితే ప్రాణాలు పోతాయి, పరిహారం యజమాని ఆస్తి మీద పడవచ్చు. మీ డ్రైవరుకు మొదటి రోజే చెప్పండి: మన ట్రక్కులో మనుషులు ఎక్కరు. కూలీలకు ఆటో మాట్లాడితే అయ్యే ఖర్చు ఏ పంట ఖర్చుల్లోనైనా చిన్నదే.

మీ నిర్ణయానికి కొలబద్దలు

ఒకటి: ఏడాది కిరాయి బిల్లు సొంత బండి ఖర్చు కన్నా తక్కువయితే కొనకండి.

రెండు: బండి ధర, మరమ్మతు నిధి ఇచ్చేశాక, కనీసం ఏడాది ఇంటి ఖర్చు, వైద్యానికి దాచిన సొమ్ము, భార్య పేరిట ఉంచిన డిపాజిట్ ఏదీ కదలకుండా ఉంటే రొక్కం ఇవ్వండి. పాత బండికి అదే సరైన దారి.

మూడు: డబ్బుంది కానీ డిపాజిట్‌లో ఇరుక్కుని ఉంటే, ఆ డిపాజిట్ మీదే మూడేళ్లకు మించకుండా అప్పు తీసుకోండి.

నాలుగు: బయటి ఫైనాన్సు తప్పదనుకుంటే, వాయిదా కుటుంబ పింఛనులోంచి కూడా కట్టగలిగేంత చిన్నదై ఉండాలి. తగ్గే బాకీ మీద వడ్డీ శాతం కాగితం మీద రాయించుకోండి. రాసివ్వనివారి దగ్గర తీసుకోకండి.

ఐదు: పై వాటిలో ఏదీ కుదరకపోతే ఈ ఏడాది కిరాయి బండితోనే సేద్యం చేయండి. ఆ ఏడాదంతా వాయిదా కడుతున్నట్టే డబ్బు దాచండి. వచ్చే ఏడాదికి లక్షకు పైగా చేతిలో ఉంటుంది. సేద్యం మీ ఒంటికి పడుతుందో లేదో కూడా తేలుతుంది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు చేసిన పొరపాటును తర్వాతి జీతాలు దిద్దుతాయి. విరమణ తర్వాత ఆ అవకాశం ఉండదు, ఖర్చయిన నిధి తిరిగి రాదు. అలాగని భయపడి కోరికలన్నీ చంపుకోనక్కర్లేదు. పొలానికి వెళ్లండి, మిరప నాటించండి, లెక్క కుదిరితే బండీ కొనుక్కోండి. ఒక్క పని మాత్రం ఈ సాయంత్రమే చేయండి: మీ జీవిత భాగస్వామితో కూర్చుని, మీరు లేని నెలలో ఇంటికి వచ్చేదెంత, పోయేదెంత అన్నది ఇద్దరి చేతిరాతతో ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం ఒప్పుకున్న బండినే కొనండి.